గీత కదలడం లేదు, ఇంటిల్లిపాదీ నా బరువే చూస్తున్నారు

ప్రశ్న

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 42, ఎత్తు 157 సెంటీమీటర్లు, ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో ఉద్యోగం. భర్తది మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. ఇంట్లో అత్తగారు, ఈ ఏడాదే పదో తరగతి పాసైన కూతురు. సంక్రాంతి ముందు చేయించుకున్న రక్తపరీక్షలో, ఒంట్లో సగటు చక్కెర ఎంతో చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. "ఇంకా షుగర్ అనలేం కానీ దాని దగ్గరికి వచ్చేశారు, బరువు తగ్గండి" అన్నారట డాక్టర్. అప్పటికి ఆవిడ బరువు 81.6 కేజీలు.

పండగ వెళ్లగానే ఫోన్‌లో బరువు రాసుకునే యాప్ పెట్టుకున్నారు. రోజూ పొద్దున్నే మిషన్ ఎక్కి ఆ అంకె వేస్తే, యాప్ ఒక చుక్క పెట్టి, చుక్కల మధ్య నుంచి ట్రెండ్ గీత గీస్తుంది. రాత్రి అన్నం తగ్గించారు, సాయంత్రం కాఫీతో పాటు తినే మిక్చర్ మానేశారు, తెల్లవారుజామున ఎన్టీఆర్ స్టేడియంలో నలభై నిమిషాలు నడిచారు. మే మొదటికి గీత 76.1కి దిగింది. "నా జీవితంలో ఏదైనా ఇంత పద్ధతిగా చేశానంటే ఇదేనండీ" అని రాశారు.

మే మొదటి వారంలో పెళ్లిరోజుకి భర్త కొత్త మిషన్ కొన్నారు. గాజు పలక, బ్లూటూత్. ఎక్కితే చాలు, అంకె దానంతటదే యాప్‌లోకి వెళ్లిపోతుంది, ఆయన ఫోన్‌లోకి కూడా. అప్పటి నుంచి గీత రెండు వారాల పాటు మెల్లగా పైకెక్కి 76.7 దాకా పోయి, ఇప్పుడు 76.3 దగ్గర ఉంది. ఎండలకి వాకింగ్ సగం రోజులు ఎగ్గొట్టిన మాట నిజమే కానీ తిండి మాత్రం మార్చలేదంటున్నారు. పెట్టుకున్న లక్ష్యం 58, పెళ్లినాటి బరువు. వచ్చే ఉగాదికల్లా చేరిపోతారని మేలో చూపించిన యాప్ ఇప్పుడు దాదాపు మూడేళ్లంటోంది.

భర్త యార్డుకి బయల్దేరుతూ "ఇవాళ మార్కెట్ ఎలా ఉంది?" అని నవ్వుతూ అడుగుతారు. అత్తగారేమో "మొహం పీక్కుపోయింది, ఇంకేం తగ్గుతావమ్మా" అంటూ పెరుగన్నం మారు వడ్డిస్తారు. అంకె పెరిగిన రోజు ఈవిడకి ఆఫీసులో ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, ఆ రాత్రి భోజనం మానేస్తారు. పొద్దున్నే మూడు నాలుగు సార్లు మిషన్ ఎక్కి దిగుతారు. ఓ చోట మాటవరసకి, "పాత ముల్లు మిషనే నయం. పెళ్లి భోజనం చేసొచ్చిన మర్నాడు ఎక్కేదాన్నే కాదు, ఎక్కినా ఆ అంకె వేసేదాన్ని కాదు" అని కూడా రాశారు.

యాప్ తప్పు చూపిస్తోందా, వేరేది మార్చాలా, తిండి ఇంకా తగ్గించాలా, మా వారికి ఎలా చెప్పాలి? ఇవీ ప్రశ్నలు. ఇక ఉత్తరం చివర రెండు మాటలు: కూతురు కూడా అదే యాప్ పెట్టుకుంది, 54 నుంచి 47కి రావాలట, పది రోజులుగా రాత్రిళ్లు అన్నం ముట్టడం లేదు. "ఈ నెలాఖరుకి విజయవాడ హాస్టల్‌కి వెళ్తుంది, అక్కడ సర్దుకుంటుందిలెండి."

సమాధానం

మీరు చివర రాసిన దానితోనే మొదలుపెడతాను. మీ గీత సంగతి నెల రోజులు ఆగినా కొంప మునగదు. పాప సంగతి ఆగదు.

హాస్టల్‌లో సర్దుకుంటుందని నాకు అనిపించడం లేదు. ఇంట్లోనైతే పళ్లెం పక్కకి తోసేస్తే మీ కంట పడుతుంది. మెస్‌లో వందమంది పిల్లల మధ్య ఒక పిల్ల తిందో లేదో ఎవరు చూస్తారు? పైగా కొత్త చోటు, చదువుల టెన్షన్, రాత్రి స్టడీ అవర్లు. తిండి మానేసే అలవాటు ముదరడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు. వెళ్లేలోపు మీ చేతిలో ఉన్న ఈ కొద్ది రోజులు అందుకే విలువైనవి.

పదిహేనేళ్ల పిల్లకి ఎముక ఇంకా గట్టిపడుతోంది, పీరియడ్స్ ఇంకా కుదురుకుంటున్నాయి. ఈ వయసులో బరువు కొంత పెరగడమే సహజం. ఎత్తుకి తగ్గ బరువుందా అని చూడటానికి మనం పెద్దవాళ్లకి వాడే బీఎంఐ పట్టిక 18 ఏళ్లలోపు పిల్లలకి వర్తించదు. వాళ్లకి వయసును బట్టి వేరే చార్టులుంటాయి, పిల్లల డాక్టర్ల దగ్గర దొరుకుతాయి. యాప్ మాత్రం మీకు గీసినట్టే ఆ పిల్లకీ కిందికి దిగే గీత గీసి, దిగినప్పుడల్లా శభాష్ అంటుంది. 47 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అడిగారా? స్నేహితురాలి బరువా, ఫోన్‌లో చూసిన ఎవరి బరువైనానా, క్లాసులో ఎవరైనా ఏమైనా అన్నారా? నేనైతే ముందు అది కనుక్కుంటాను. "నువ్వేం లావుగా లేవు, తిను" అన్నారంటే సంభాషణ అక్కడితో అయిపోతుంది.

మీ ముందు రెండు మూడు దారులున్నాయి. మిషన్ తీసి బీరువాలో పెట్టి తాళం వేయొచ్చు. పాపకి పట్టుదల ఉంటే బయట ఇంకెక్కడో ఎక్కుతుంది, కాబట్టి దీంతో సమస్య తీరదు. కానీ పొద్దున లేవగానే ఇంట్లో అందరూ ఆ గాజు పలక చుట్టూ తిరగడం ఆగుతుంది, అదేమీ చిన్న విషయం కాదు. ఫోన్ లాక్కుని యాప్ తీసేయొచ్చు. అలా చేస్తే మీకు చెప్పకుండా మళ్లీ పెట్టుకుంటుంది, ఈసారి మీకు తెలియను కూడా తెలియదు. ఇది నేను చేయమనను. మూడోది, హాస్టల్‌కి వెళ్లే ముందు మామూలు చెకప్ అని చెప్పి పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడం. రక్తం, ఎత్తు, బరువు, పీరియడ్స్ సక్రమంగా వస్తున్నాయా, అన్నీ ఆయనే అడుగుతారు. మీరు చెబితే చాదస్తం అనిపించేది డాక్టర్ చెబితే కొంచెం ఎక్కుతుంది. పాప లోపలికి వెళ్లే ముందే మీరు విడిగా ఒక్క నిమిషం మాట్లాడి రాత్రి భోజనం సంగతి చెప్పండి. వార్డెన్‌కి చెప్పాలా అంటే, చెప్పవచ్చు, కానీ పాపతో "వార్డెన్ మేడమ్‌కి ఓ మాట చెబుతున్నాను" అని ముందే చెప్పి. వెనకాల చెప్పినట్టు తెలిస్తే మీతో ఏదీ చెప్పుకోవడం మానేస్తుంది.

కళ్లు తిరగడం, పీరియడ్ తప్పడం, జుట్టు ఊడటం, నలుగురితో కూర్చుని తినడానికి వంకలు చెప్పడం, తిన్న వెంటనే బాత్రూమ్‌కి వెళ్లి తలుపేసుకోవడం, వీటిలో ఏది కనిపించినా హాస్టల్ ప్రయాణం వాయిదా వేసైనా డాక్టర్‌కి చూపించండి. మీకే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ప్రభుత్వానిదే, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఒక్క మాట, నొచ్చుకోకండి. అంకె పెరిగిన రోజు రాత్రి మీరు భోజనం మానేస్తున్నారు. అదే ఇంట్లో, అదే వంటింట్లో పాప కూడా రాత్రి భోజనమే మానేసింది. యాప్ తీసేసినా ఇది పోదు. మీరు రాత్రి రెండు పుల్కాలో, గరిటెడు అన్నమో పెట్టుకుని పాప పక్కన కూర్చుని తినండి. ఉపన్యాసం అక్కర్లేదు.

ఇక మీ గీత దగ్గరికి వద్దాం.

మీ ఉత్తరంలో రెండు విషయాలు వేరువేరు పేజీల్లో ఉండిపోయాయి, పక్కపక్కన పెట్టుకుని మీరు చూసినట్టు లేదు. గీత మారింది మే మొదటి వారంలో. మిషన్ మారింది కూడా మే మొదటి వారంలోనే. ముల్లు మిషన్‌కీ గాజు మిషన్‌కీ అర కేజీ, కేజీ తేడా రావడం చాలా మామూలు. పాతది తక్కువ చూపిస్తూ ఉండొచ్చు, కొత్తది ఎక్కువ చూపిస్తూ ఉండొచ్చు. మీ బరువు మారకపోయినా అంకె మారిపోతుంది.

మరి ఒక్కసారిగా పెరగాలి కదా, రెండు వారాలు మెల్లగా ఎందుకెక్కింది అంటారేమో. గీత గీసే పద్ధతే అది. చాలా యాప్‌లు వాడే లెక్క ఇలా ఉంటుంది: నిన్నటి గీతకీ ఇవాళ్టి బరువుకీ ఎంత తేడా ఉందో చూసి, అందులో పదో వంతు మాత్రమే గీతలో కలుపుతాయి. గీత 76.3 దగ్గర ఉండి, పెళ్లికి వెళ్లొచ్చిన మర్నాడు మీరు 77.5 తూగారనుకోండి. తేడా 1.2. గీత కదిలేది 0.12, అంటే 76.42. ఒక్క పూట భోజనానికి గీత బెదరకూడదనే ఈ ఏర్పాటు. దీనికి రెండో వైపూ ఉంది. బరువు నిజంగానే మారి అక్కడే నిలిచినా గీతకి వెంటనే తెలియదు. వారానికి సగం మార్పు చూపిస్తుంది, రెండు వారాలకి ముప్పాతిక. కొత్త మిషన్ పాతదానికంటే ఎనిమిది వందల గ్రాములు ఎక్కువ చూపిస్తోందనుకుని లెక్క వేసి చూశాను. 76.1 నుంచి బయల్దేరిన గీత వారానికి 76.5కీ, రెండు వారాలకి 76.7కీ వస్తుంది. మీరు రాసిన అంకె కూడా సరిగ్గా అదే.

ఇంకో వైపు నుంచీ చూడండి. సంక్రాంతి నుంచి మే దాకా మీరు వారానికి సుమారు 370 గ్రాములు తగ్గారు. కేజీ కొవ్వుకి దాదాపు 7,700 కేలరీలు అనే మోటు లెక్క పట్టుకుంటే, రోజుకి ఖర్చు కంటే 400 తక్కువ తిన్నారన్నమాట. ఆ తర్వాత రెండు వారాల్లో 600 గ్రాములు కొవ్వే పెరిగి ఉంటే రోజుకి 330 ఎక్కువ తిని ఉండాలి. రెండూ కలిపితే అంతకు ముందు కంటే రోజుకి 700 పైచిలుకు తేడా. వాకింగ్ మానేసిన రోజులకి ఓ నూట యాభై తీసేసినా, మిగతా ఐదారు వందలు మీకు తెలియకుండా లోపలికి పోయాయంటే నేను నమ్మను. పద్ధతి గల మనిషి మీరు, ఉత్తరంలోనే తెలుస్తోంది.

పరీక్ష చేసి చూడటం తేలికే. ముల్లు మిషన్ అటక మీద ఉంటే దించండి. నాలుగైదు రోజులు, పొద్దున్నే, ఒకదాని తర్వాత ఒకటి రెండూ ఎక్కి తేడా రాసుకోండి. పారేసి ఉంటే సీలు విప్పని పాతిక కేజీల బియ్యం బస్తా పెట్టి చూడొచ్చు. పాతిక దగ్గర సరిగ్గా చూపించినంత మాత్రాన డెబ్బై ఆరు దగ్గరా సరిగ్గా చూపిస్తుందని కాదు కానీ, మరీ పెద్ద తప్పుంటే బయటపడుతుంది. ఆ కాసేపు బ్లూటూత్ ఆపేయడం మర్చిపోకండి, లేకపోతే మీరు రాత్రికి రాత్రి 25 కేజీలకి వచ్చేశారని యార్డులో ఉన్న మీ వారికి కబురెళ్తుంది. మిషన్ గట్టి నేల మీద, టైల్స్ మీదో బండల మీదో, రోజూ ఒకే చోట ఉండాలి. చాప మీదో కాళ్లు తుడుచుకునే పట్టా మీదో పెడితే ఏ మిషనైనా తప్పే చెబుతుంది.

రెండో విషయం, మీరు మాటవరసకి రాసేసినది. పెళ్లి భోజనం మర్నాటి అంకెలు మీరు యాప్‌లో వేయలేదు. అంటే సంక్రాంతి నుంచి మే దాకా ఉన్న గీత మీ మంచి రోజులది మాత్రమే. అసలు గీత దానికంటే కొంచెం పైన ఉండి ఉండాలి. గాజు మిషన్‌కి ఆ మొహమాటం లేదు, ఎక్కితే వేసేస్తుంది. కాబట్టి మే తర్వాత పెరిగినట్టు కనిపిస్తున్నదాంట్లో కొంత, అంతకు ముందు లెక్కలోకి రాని బరువే. ఎంత అని చెప్పలేం. మిషన్ తేడా కొంత, ఇది కొంత.

వేరే యాప్ మారిస్తే? ఇవే అంకెలు వేస్తే ఇంచుమించు ఇదే గీత వస్తుంది. రంగు మారుతుందంతే. ఉన్న యాప్‌లోనే మే తేదీ దగ్గర "మిషన్ మారింది" అని నోట్ రాసుకుని, అక్కడి నుంచి మాత్రమే చూడండి. కొత్త మిషన్ మీద గీత 76.7 నుంచి 76.3కి వచ్చింది. అంటే దిగుతోంది. నెమ్మదిగా, కానీ దిగుతోంది.

ఆ నెమ్మదికి కారణాలు వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు. 81 కేజీల ఒళ్లు ఖర్చు చేసినంత 76 కేజీల ఒళ్లు ఖర్చు చేయదు, అందుకని అదే తిండికి తగ్గుదల క్రమంగా మందగిస్తుంది. వాకింగ్ సగమైంది. మామిడిపళ్లు వచ్చాయి. ఇక మే నెలలో గుంటూరు ఇంట్లో కొత్తావకాయ కలుపుకోకుండా ఎవరున్నారు? ఉప్పు రోజుకి ఐదు గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన పచ్చళ్లతో ఆ హద్దు మధ్యాహ్నానికే దాటిపోతాం. ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలుస్తుంది, మర్నాడు మిషన్ మీద ఆ నీటి బరువే కనిపిస్తుంది. బిర్యానీ తిన్న మర్నాడూ అంతే. ఒంట్లో దాచుకున్న ప్రతి గ్రాము పిండిపదార్థం సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. పీరియడ్‌కి ముందు నాలుగైదు రోజులు కేజీ దాకా పెరిగి, మొదలయ్యాక దానంతటదే పోతుంది చాలామందికి. మీ వయసులో నెల లెక్క కూడా అటూ ఇటూ అవుతూ ఉంటుంది. కాబట్టి ఈ వారాన్ని పోయిన వారంతో కాకుండా, పోయిన నెల పీరియడ్ తర్వాత వారాన్ని ఈ నెల పీరియడ్ తర్వాత వారంతో పోల్చుకోండి.

ఒళ్లంతటిలో కొవ్వు శాతం ఇంత, నీరు ఇంత అని గాజు మిషన్ చూపించే మిగతా అంకెలున్నాయే, వాటిని పట్టించుకోకండి. అరికాళ్ల నుంచి చిన్న కరెంటు పంపి వేసే అంచనాలవి. రెండు గ్లాసుల మంచినీళ్లు తాగినా, కాళ్లు తడిగా ఉన్నా మారిపోతుంటాయి.

మరి మూడేళ్లు? యాప్ జోస్యం చెప్పడం లేదు, చివరి కొన్ని వారాల వాలు తీసుకుని స్కేలు పెట్టి ముందుకి గీస్తోంది. మీకు 58కి ఇంకా 18.3 కేజీలు ఉన్నాయి. వారానికి 370 గ్రాముల లెక్కన అది 50 వారాల లోపు. వారానికి 130 గ్రాముల లెక్కన 140 వారాలు. రోజూ ఒక గ్లాసు నీళ్లంత తేడా కూడా లేని మార్పుకి మీ తేదీ రెండేళ్లు జరిగిపోయింది. చాలా యాప్‌లలో సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఈ తేదీ కనిపించకుండా చేయొచ్చు. చేసేయండి, మీకు దానివల్ల వచ్చే లాభం ఏమీ లేదు.

అసలు 58 ఎందుకు? డాక్టర్ ఆ అంకె చెప్పినట్టు మీరెక్కడా రాయలేదు. మీరు మొదలుపెట్టింది షుగర్ రాకుండా ఉండటానికి. మీలాంటి స్థితిలో ఉన్న మూడు వేల మందికి పైగా మనుషుల మీద అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం జరిగింది, 2002లో ఫలితాలు వచ్చాయి. వాళ్లకి పెట్టిన లక్ష్యం ఉన్న బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం. ఆ దారిలో నడిచినవాళ్లలో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. మీ 81.6లో 7 శాతం అంటే 5.7 కేజీలు. మీరు చేరాల్సింది 75.9. ఇప్పుడున్నది 76.3. నాలుగు వందల గ్రాముల దూరంలో కూర్చుని మీరు ఓడిపోయానని ఉత్తరం రాశారు!

మన దేశంలో చేసింది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 531 మందితో చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో షుగర్ వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది, కానీ వాళ్ల బరువులో చెప్పుకోదగ్గ మార్పు లేదు. అంటే మీరు మిక్చర్ మానేసినందుకు, స్టేడియంలో నడిచినందుకు ఒంటికి దక్కిన మేలులో కొంత ఏ యాప్ గీతలోనూ కనిపించదు.

అందుకని తిండి ఇంకా తగ్గించొద్దు. ముందు వాకింగ్ పూర్తిగా వెనక్కి తెచ్చుకోండి, వానలు పడితే ఎండ సాకు కూడా ఉండదు. బరువు చూసుకోవడం విషయంలో మాత్రం మీకు ఏది నప్పుతుందో మీరే తేల్చుకోవాలి.

రోజూ ఎక్కి, అంకెను పట్టించుకోకుండా, ఆదివారం ఒక్కసారి గీత మాత్రమే చూడటం ఒక పద్ధతి. లెక్క ప్రకారం ఇదే మేలు, ఎందుకంటే చుక్కలు ఎన్ని ఉంటే గీత అంత నిజం చెబుతుంది. ఒక్కసారే ఎక్కాలి, చెడ్డ రోజూ ఎక్కాలి. కాకపోతే అంకె కాళ్ల దగ్గరే వెలుగుతుంటే చూడకుండా ఉండటం మీ వల్ల అవుతుందా? కొందరు ఆ అద్దం మీద కాగితం ముక్క అంటించుకుంటారు. వారానికి ఒక్కసారే ఎక్కడం మరో పద్ధతి. మనసుకి హాయి. అయితే నెలకి నాలుగే చుక్కలు, వాటిలో ఒకటి ఆవకాయ మర్నాడు పడితే ఆ నెలంతా పాడైపోయినట్టు కనిపిస్తుంది. ఇది ఎంచుకుంటే సోమవారం వద్దు, ఆదివారం భోజనాల లెక్క అందులో పడుతుంది. బుధ, గురువారాలు నయం. మూడోది, రెండు నెలలు యాప్ పూర్తిగా పక్కన పెట్టి నడుము టేపుతో సరిపెట్టుకోవడం. మన ఆడవాళ్లకి 80 సెంటీమీటర్ల లోపు ఉండాలంటారు. నెలకోసారి, బొడ్డు దగ్గర, ఊపిరి మామూలుగా వదిలి కొలుచుకుంటే చాలు. ఇందులో ప్రమాదం ఏమిటంటే, చూడటం మానేశాక మిక్చర్ డబ్బా మెల్లగా మళ్లీ తెరుచుకునేవాళ్లున్నారు. మీరు అలాంటివారో కాదో మీకే తెలుసు.

నన్నడిగితే, పాప హాస్టల్‌కి వెళ్లేదాకా మూడోది, ఆ తర్వాత మొదటిది. ఆ కొన్నాళ్లు మిషన్ బీరువాలో ఉంటుంది కాబట్టి రెండు పనులూ ఒకేసారి అవుతాయి. అంకె చూసి రాత్రి భోజనం మానేయడం మళ్లీ మొదలైతే మాత్రం, లెక్క ఎంత చక్కగా ఉన్నా మొదటి పద్ధతి మీకు పనికిరాదని ఒప్పేసుకోండి.

మీ వారి సంగతి. ఆయన ప్రేమతోనే కొన్నారు, వెటకారం ఉద్దేశం లేదని మీరే రాశారు. కానీ రోజూ పొద్దున్నే భార్య బరువు భర్త ఫోన్‌లో మోగడం ఎవరికీ బాగుండదు. ఏమీ అనకుండా యాప్‌లో షేరింగ్ తీసేయొచ్చు. రెండు నిమిషాల పని, కానీ "నా దగ్గర దాస్తున్నావా" అనే మాట రావచ్చు. చెప్పి తీసేయడం మంచిది, అదీ ఆయన భాషలోనే. తేజ రకం మిర్చి రేటు ఒక్కరోజు పడిందని కోల్డ్ స్టోరేజీలో ఉన్న సరుకంతా ఆయన అమ్మేస్తారా? సీజన్ మొత్తం చూస్తారు. నా బరువు కూడా నెలకోసారి నేనే చెబుతాను, రోజూ అడగొద్దు అనండి. అర్థమవుతుంది. ఏదో ఒకటి చేయకుండా ఉండలేని మనిషైతే, తెల్లవారుజామున స్టేడియానికి తోడు రమ్మనండి. వస్తే మీకు వాకింగ్ ఎగ్గొట్టే వీలుండదు, ఆయన బరువు సంగతీ తేలుతుంది. రాకపోతే అడగడమూ మానేస్తారు.

అత్తయ్యగారితో వాదన పెట్టుకోకండి. మొహం పీక్కుపోవడం ఆవిడ లెక్కలో జబ్బు లక్షణం. "డాక్టర్ గారు షుగర్ రాకుండా చూసుకోమన్నారు అత్తయ్యా" అని ఒక్కసారి రిపోర్టు చూపిస్తే, మారు వడ్డించే గరిటె పాప పళ్లెం వైపు తిరుగుతుంది. ఇప్పుడు మనకి కావలసింది కూడా అదే.

హెచ్‌బీఏ1సీ గడిచిన రెండు మూడు నెలల చక్కెరను చూపిస్తుంది. మీరు చివరిసారి చేయించుకుని ఐదు నెలలైంది, కాబట్టి జులైలో మళ్లీ చేయించండి. వెళ్లేటప్పుడు సంక్రాంతి నుంచి ఉన్న గీత మొత్తం డాక్టర్‌కి చూపించండి, మే దగ్గర మిషన్ మారిందని కూడా చెప్పండి. 58 సంగతి ఆయన్నే అడగండి.